ఫ్రెడరిక్ డగ్లస్: ఒక మనుష్యుని దస్తావేజులు

ఉత్తర అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున టాల్బట్ మండలములో ఆరన్ ఆంథొనీ యను కామందు ఒక డుండెను. అతడు ఎడ్వర్డు లాయిడ్ అను గొప్ప భూస్వామి యొద్ద ప్రధాన కార్యవాహిగా నుండి, క్రమక్రమముగా తానును కొన్ని కమతములను, కొందరు దాసులను సంపాదించుకొనెను. లెక్కలయందు జాగ్రత్త గలవాడగుటచే, తన దాసులలో ఎవరికి ఎప్పుడు బిడ్డలు కలిగినది ఒక పుస్తకమున వ్రాసికొనుచుండెను. ఏ యావు ఏ మాసమున ఈనినదో రైతు గుర్తుంచుకొనుట వంటిదే ఇదియు. ఆ పుస్తకములో 1818వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున హారియెట్ అను దాసికి ఫ్రెడరిక్ అగస్టస్ అను కుమారుడు కలిగెనని ఒక పంక్తి కలదు. దినము వ్రాయబడలేదు. తండ్రి పేరు వ్రాయవలసిన యవసరమే లేకపోయెను. తల్లి దాసియైనచో బిడ్డయు దాసుడే యని ఆ దేశపు చట్టము. తండ్రి స్వతంత్రుడైనను, తెల్లవాడైనను, యజమానుడే యైనను బిడ్డ స్థితి మారదు. ఈ బాలుని తండ్రి తెల్లవాడని అందరును చెప్పుకొనిరి. యజమానుడేయని కొందరు గుసగుసలాడిరి. న్యాయశాస్త్రము తెలిసిన పాఠకులు ఈ సూత్రమునందలి చమత్కారమును గ్రహింపగలరు. పాపమునకు శిక్ష లేకపోగా, పాపఫలముగా పుట్టిన బిడ్డ ఆస్తిలో చేరి లాభమగుచుండెను.

ఈ బాలుడే తరువాత ఫ్రెడరిక్ డగ్లస్ అను పేర రెండు ఖండములయందు ప్రఖ్యాతి గాంచిన మహావక్త. ఈతని చరిత్రమును ఆతని ఉపన్యాసములనుబట్టియు, పత్రికలనుబట్టియు చెప్పినవారు పెక్కురు కలరు. న్యాయవాదవృత్తిలో నున్న నేను ఆతని జీవితమును దస్తావేజులనుబట్టి చెప్ప దలచితిని. ఏలయనగా, ఈ మనుష్యుని బ్రతుకులో ముఖ్యఘట్టము లన్నిటియందును ఎవరో ఒకరు ఏదో ఒక కాగితముమీద వ్రాలు చేయుచునే యుండిరి.

బాల్యమున ఆతని పెంచినది అమ్మమ్మ బెట్సీ బెయిలీ. తల్లి హారియెట్ పండ్రెండుమైళ్ల దూరమున వేరొకరి పొలములో కూలికి పెట్టబడియుండెను. పగలంతయు పనిచేసి, రాత్రివేళ కాలినడకను వచ్చి, బిడ్డను ప్రక్కలో వేసికొని పరుండి, తెల్లవారక మునుపే మరల నడచిపోవుచుండెను. అట్లు ఆమె వచ్చినది వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మారులే. బాలునకు ఇంచుమించుగా ఏడేండ్ల వయస్సున ఆమె మరణించెను. ఆ సంగతి బాలునకు ఆలస్యముగా తెలిసెను. 1826లో బాలుని బాల్టిమోరు నగరమునకు పంపిరి. అచ్చట ఆంథొనీ యల్లుడగు టామస్ ఆల్డుయొక్క తమ్ముడు హ్యూ ఆల్డు నివసించుచుండెను. హ్యూ ఆల్డు భార్య సోఫియా దయగల స్త్రీ. ఆమె బాలునకు అక్షరములు నేర్ప నారంభింపగా భర్త వారించెను. చదువు వచ్చిన దాసుడు దాస్యమునకు పనికిరాడని ఆతని వాదము. ఈ వాదము నూటికి నూరుపాళ్లు సత్యమని బాలుడు గ్రహించి, నాటినుండి వీథిలోని తెల్లపిల్లలకు రొట్టెముక్కలిచ్చి చదువు సంపాదించెను. పండ్రెండేండ్ల ప్రాయమున అర్ధడాలరునకు ఉపన్యాసముల సంకలనమొకటి కొని రహస్యముగా చదువుకొనెను.

1826వ సంవత్సరాంతమున ఆరన్ ఆంథొనీ మరణశాసనము వ్రాయకయే మరణించెను. వారసులు మువ్వురు: ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. మన దేశమున అవిభక్తకుటుంబముల తక్షీము వ్యాజ్యములను చూచినవారికి తరువాతి కథ తెలిసినదే. ఆస్తి అంతయు జాబితా వేయవలెను, ప్రతివస్తువునకు ధర కట్టవలెను, వంతులు పంచవలెను. 1827వ సంవత్సరము అక్టోబరులో తొమ్మిదేండ్ల బాలుని బాల్టిమోరునుండి పిలిపించిరి. పురుషులు, స్త్రీలు, ముసలివారు, పసిపిల్లలు, గుఱ్ఱములు, గొఱ్ఱెలు, పందులు అన్నియు ఒకే కళ్లమున నిలువబెట్టబడెను. ధర కట్టువారు అందరిని ఒకే రీతిగా తడవి చూచిరి. జాబితాలో ఫ్రెడరిక్ పేరు, వయస్సు, ధర ఒకే వరుసలో పడెను. కోర్టు కాగితముగా చూచినచో ఆ జాబితాలో లోపమేమియు లేదు.

అచ్చట నిలిచినవారి భయమును ఆ జాబితా చెప్పదు. పెద్దకుమారుడు ఆండ్రూ త్రాగుబోతు, క్రూరుడు. ఆతని వంతునకు పోవుట యనగా నేడో రేపో అప్పులక్రింద దూరదేశపు వర్తకునకు అమ్ముడుపోవుట. భార్య ఒకని వంతునకు, భర్త ఇంకొకని వంతునకు పోవచ్చును. వారిని అడిగినవారు లేరు. బాలుడు కుమార్తె లుక్రీషియా వంతునకు పడెను. ఆమె అప్పటికే మరణించియుండుటచే ఆమె భర్త టామస్ ఆల్డు ఆతనికి యజమానుడయ్యెను. బాలుని మరల బాల్టిమోరునకు హ్యూ ఆల్డు ఇంటికి పంపిరి. చదువరులు ఈ చిన్న యంశమును గుర్తుంచుకొనవలెను: అనుభవము తమ్మునిది, హక్కు అన్నది. ఇరువది యేండ్ల తరువాత ఈ భేదము ఒక ప్రత్యేక దస్తావేజునకు కారణమయ్యెను. బాలుని యక్క సారా తరువాతి కాలమున మిసిసిపీ రాష్ట్రమునకు అమ్మబడెను.

1833లో అన్నదమ్ముల కలహము వలన ఫ్రెడరిక్కు టామస్ ఆల్డునొద్దకు పోవలసివచ్చెను. చదువుకొన్న దాసుని వంచుటకై యజమానుడు ఆతనిని 1834లో ఎడ్వర్డు కోవీ యను రైతుకు ఏడాదికి కూలి నిచ్చెను. దాసుల నడుము వంచుటలో కోవీకి పేరు కలదు. ఆరుమాసములు కొరడాదెబ్బలు తినిన పిమ్మట ఒకనాడు ఫ్రెడరిక్కు ఎదురు తిరిగి, రెండుగంటలసేపు ఆతనితో పెనుగులాడి ఓడింపనిచ్చుకొనలేదు. తరువాత కోవీ ఆతనిమీద చేయి వేయలేదు. 1836లో కొందరు మిత్రులతో పారిపోవ నుద్యమించి, గుట్టు బయటపడి, ఈస్టన్ పట్టణపు చెరసాలలో బంధింపబడెను. దాసవర్తకులు వచ్చి కండరములు తడవి బేరములాడిరి. ఏ కారణముననో టామస్ ఆల్డు ఆతనిని దక్షిణదేశమునకు అమ్మక, ఇరువదియైదేండ్లు నిండినపుడు విడుదల చేయుదునని వాగ్దానముచేసి, బాల్టిమోరునకు తిరిగి పంపెను. అచ్చట ఫ్రెడరిక్కు ఓడపలకల సందులలో నార కూరి నీరు చొరకుండ చేయు పని నేర్చి, మంచి కూలి సంపాదించెను. ప్రతి శనివారము ఆ కూలి యంతయు హ్యూ ఆల్డు చేతిలో పోయవలెను. కూలిమొత్తము పెద్దదైన దినమున యజమానుడు కొన్ని సెంట్లు తిరిగి యిచ్చెడివాడు. ఆ సెంట్లే తన్ను మిక్కిలి బాధించినవని డగ్లస్ తరువాత వ్రాసియున్నాడు. మొత్తమంతయు తనదేయని దొంగ యొప్పుకొనినట్లు ఆతనికి తోచెను.

1838వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన ఆతడు పారిపోయెను. ఇందును కాగితమే ప్రధానము. మేరీలాండులో స్వతంత్రులైన నల్లవారు తమ స్వాతంత్ర్యమును నిరూపించు పత్రమును ఎల్లప్పుడు వెంట నుంచుకొనవలెను. అందు పేరు, వయస్సు, ఎత్తు, వర్ణము, దేహముమీది మచ్చలు వ్రాయబడియుండును. తెల్లవాడు స్వతంత్రుడని ఊహ, నల్లవాడు దాసుడని ఊహ, రుజువుభారము నల్లవానిదే. ఫ్రెడరిక్కు ఒక నావికమిత్రుని పత్రమును ఎరవు తెచ్చుకొనెను. దానిపైభాగమున అమెరికా ప్రభుత్వపు గ్రద్ద ముద్ర కలదు. లోపల వ్రాసిన వర్ణన ఆతనికి బొత్తిగా సరిపోదు. పత్రపు యజమానుడు ఆతనికంటె చాల నల్లని వాడు. నావికవేషముతో కదలుచున్న రైలు నెక్కి కూర్చుండెను. టిక్కెట్ల నధికారి పత్రమును చూడగోరి, గ్రద్దముద్రను చూచి, వర్ణన చదువక తిరిగి యిచ్చెను. ఆ యధికారి మరి రెండుపంక్తులు చదివియుండినచో ఈ చరిత్ర వ్రాయవలసిన పని యుండెడిది కాదు. మరునాడు ఫ్రెడరిక్కు న్యూయార్కు చేరెను. ఈ ప్రయాణమునకు ధనసహాయము చేసినది బాల్టిమోరులో స్వతంత్రస్త్రీయైన అన్నా మర్రే. ఆమె వెంటనే వచ్చి కలిసికొనగా సెప్టెంబరు 15న జేమ్స్ పెన్నింగ్టన్ అను మతబోధకుడు వారికి వివాహము చేసి పత్రమిచ్చెను. పెన్నింగ్టనును మేరీలాండునుండి పారిపోయి వచ్చిన దాసుడే. దాసుని వివాహమునకు మేరీలాండు చట్టమున విలువ లేదు. ఆ దంపతులకు మాత్రము ఆ పత్రము మిగుల విలువైనదిగా నుండెను.

తరువాత న్యూబెడ్‌ఫర్డులో కూలిపని. డగ్లస్ అను ఇంటిపేరు ఆ యూర స్వీకరించినదే; ఆశ్రయమిచ్చిన మిత్రుడు వాల్టర్ స్కాట్ కావ్యమునుండి ఏరి పెట్టెను. 1841లో నాంటకెట్ ద్వీపమున దాస్యనిర్మూలన సభలో మాటలాడిన పిమ్మట ఆతడు ఆ యుద్యమమునకు ఉపన్యాసకుడయ్యెను. విలియం లాయిడ్ గారిసన్ ఆ పక్షమునకు నాయకుడు. నాలుగేండ్లలో ఆతని వాగ్ధాటి ఎంత పెరిగెననగా, ఇట్టివాడు దాసుడై యుండుట అసంభవమని శ్రోతలే శంకింపసాగిరి.

ఈ శంకకు సమాధానముగా 1845లో స్వీయచరిత్రమును ప్రకటించెను. అందు యజమానుల పేర్లు, ఊళ్ల పేర్లు, దెబ్బలు కొట్టినవారి పేర్లు దాచక వ్రాసెను. వెండెల్ ఫిలిప్స్ వంటి మిత్రులు ఆ వ్రాతప్రతిని అగ్నిలో వేయుట మేలని భయపడిరి. నా బోటి వృత్తివారి దృష్టిలో ఆ గ్రంథము ఆతడు తనకే ప్రతికూలముగా ఇచ్చుకొన్న ప్రమాణపత్రిక. పారిపోయిన ఆస్తి తానేయని, తన యజమానుడు ఫలానాయని, తన ప్రస్తుతనామము ఫలానాయని స్వహస్తముతో వ్రాసి అచ్చొత్తించెను. ఆ సంవత్సరముననే ఆ ప్రాంతపు తెల్లవాడొకడు పత్రికలో దీనిని ఖండించెను. తాను ఫ్రెడరిక్ బెయిలీని ఎరుగుదుననియు, ఆతడు చదువురాని సామాన్యదాసుడనియు, ఇట్టి గ్రంథమును వ్రాయజాలడనియు ఆతని వాదము. డగ్లస్ ఆతనికి కృతజ్ఞత తెలిపెను. తాను దాసుడుగా నుండెనని శత్రుపక్షపు సాక్షియే ఒప్పుకొనెను కదా! క్రాసు పరీక్షలో ఇంతకంటె మంచి జవాబు ఏ వకీలునకును దొరకదు.

ప్రాణభయము నిజమే యగుటచే 1845వ సంవత్సరము ఆగస్టులో ఆతడు బ్రిటిషుదేశమునకు ఓడ యెక్కెను. ఐర్లండు, స్కాట్లండు, ఇంగ్లండులయందు ఇంచుమించుగా ఇరువదిమాసములు ఉపన్యాసములిచ్చెను. అచ్చట ఆతనిని మనుష్యునిగా చూచిరి. ఒకే బల్లయొద్ద భుజించిరి. ఏ గుడితలుపును మూయలేదు. అచ్చటనే స్థిరపడుమని స్నేహితులు కోరిరి. భార్యయు పిల్లలును, ముప్పదిలక్షల దాసులును సముద్రమున కావల నుండగా నిలువజాలనని ఆతడు నిశ్చయించుకొనెను. తిరిగిపోయిన యెడల పట్టి తెప్పింతునని హ్యూ ఆల్డు చెప్పుచున్నట్లు వార్తలు వచ్చెను. అప్పుడు న్యూకాసిల్ నగరమునందలి క్వేకరుస్త్రీలగు అన్నా రిచర్డ్‌సన్, ఎల్లెన్ రిచర్డ్‌సన్ అనువారు చందాలు ప్రోగుచేసి, అమెరికాలోని వకీళ్లద్వారా బేరమాడించిరి. ధర 150 ఇంగ్లీషు పౌనులకు తెగెను. అనగా సుమారు 700 డాలర్లు.

ఇప్పుడు ఆ దస్తావేజులను కొంచెము నిదానముగా చూతము. అవి రెండు. ఒకదానితో సరిపోలేదు; కారణము 1827 నాటి విభాగమే. హక్కు టామస్ ఆల్డుది. బేరమాడుచున్నది హ్యూ ఆల్డు. హక్కు లేనివాడు విడుదల చేసినచో అది చెల్లదు. కావున మొదట 1846వ సంవత్సరము నవంబరులో టామస్ ఆల్డు తన తమ్మునకు క్రయపత్రము వ్రాసి యిచ్చెను. ప్రతిఫలము 100 డాలర్లు; ముట్టినట్లు అందే రసీదు. అమ్మబడినది ఒక నల్లజాతి పురుషుడు. పేరు ఫ్రెడరిక్ బెయిలీ, తనను తాను పిలుచుకొనునది డగ్లస్. వయస్సు సుమారు ఇరువదియెనిమిది. అనుభవకాలము ఆతని జీవితాంతము. తన వారసులుగాని, ఎగ్జిక్యూటర్లుగాని, అన్యులెవరుగాని తగాదా పెట్టినచో తానే నిలువరించి హక్కును కాపాడుదునని విక్రేత జవాబుదారీ. చేవ్రాలు, మొహరు, సాక్షులు, మేజిస్ట్రేటు ధ్రువీకరణము.

మన జిల్లాకోర్టులలో నిత్యము చూచెడి భూవిక్రయపత్రములకును దీనికిని నిర్మాణమున భేదమేమియు లేదు. పొలము సర్వేనంబరు, ఎల్లలు చెప్పవలసినచోట వయస్సు, వర్ణము, మారుపేరు చెప్పబడినవి. వ్రాసినవాడు పని తెలిసిన గుమాస్తా. ఆతని చేయి తొట్రుపడినట్లు ఎచ్చటను కానరాదు. అమ్మబడిన వస్తువు ఆ దినమున ఇంగ్లండులో వేలకొలది జనులయెదుట ఉపన్యాసములిచ్చుచు తిరుగుచున్నదని ఆ పత్రము చెప్పదు. స్వాధీనమియ్యలేని ఆస్తిని స్వాధీనపరచినట్లు వ్రాసికొనుట ఆ క్రయములో ఒక్కటే న్యాయశాస్త్రరీత్యా చెప్పదగిన లోపము! దాస్యమును గూర్చి కోపముతో వ్రాసిన గ్రంథములు నేను కొన్ని చదివితిని. ఈ క్రయపత్రపు నెమ్మది నన్ను వానికంటె ఎక్కువగా కలచినది.

రెండవది 1846వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన హ్యూ ఆల్డు వ్రాసిన దాస్యవిమోచన పత్రము. అది డిసెంబరు 12న బాల్టిమోరు దస్తావేజుల కచ్చేరిలో దాఖలయ్యెను. అందు 150 పౌనుల ప్రసక్తి లేదు. తనకు తోచిన పలు మంచి కారణములచే విడుదల చేయుచున్నట్లు మాత్రమే కలదు. ధర ముట్టిన పిమ్మట ఔదార్యమును వెలిబుచ్చుట ఆ కాలపు పత్రశైలి. విడుదల పొందువాడు పనిచేసి తన పొట్ట తాను పోసికొన సమర్థుడని ఇంకొక వాక్యము కలదు. ఇదియు చట్టము కోరినదే. పని చేయలేని ముసలివారిని విమోచనమను పేర వీథిపాలు చేయకుండ, నలువదియైదేండ్లలోపు వయస్సును పనిచేయు శక్తియు గలవారినే విడుదల చేయవలెనని మేరీలాండు చట్టము నిర్దేశించియుండెను. యజమానులకు ఇట్టి అడ్డు కట్టవలసివచ్చెననగా, అంతకు ముందు వారేమి చేయుచుండిరో ఊహించుకొనవచ్చును.

ఈ కొనుగోలు దాస్యనిర్మూలనవాదులలోనే పెద్ద దుమారమును లేపెను. మనుష్యుని యందు మనుష్యునకు ఆస్తిహక్కు లేదని పదునైదేండ్లుగా చాటుచున్నవారు అదే ఆస్తికి ధర చెల్లింతురా? చెల్లించినచో హక్కును అంగీకరించినట్లు కాదా? హెన్రీ రైట్ అను సహచరుడు డగ్లసునకే జాబు వ్రాసి, ఆ పత్రమును ముట్టవలదని ప్రార్థించెను. ఆక్షేపణ బలమైనదే. సంస్కారపక్షమున నిలిచి పనిచేసినవారికి ఇట్టి సందిగ్ధము కొత్త కాదు. సిద్ధాంతమును నిష్కళంకముగా నుంచుకొనుటయా, ఎదుట నున్న యొక ప్రాణిని రక్షించుటయా యను ప్రశ్న ఎన్ని సభలలోనో వచ్చును.

డగ్లస్ మాంచెస్టరునుండి డిసెంబరు 22వ తేదీన సమాధానము వ్రాసెను. దాని సారాంశ మిది. దొంగ చేతిలో చిక్కినవాడు తన సంచి నిచ్చి ప్రాణము దక్కించుకొనినచో, సంచి దొంగదేయని ఒప్పుకొనినట్లు కాదు. తనకు జన్మసిద్ధమైన స్వాతంత్ర్యమును హ్యూ ఆల్డు ఇచ్చినట్లు తానెన్నడును భావింపలేదు. ఆల్డు ఒక్కడే యైనచో తాను లెక్కచేయక పోవును. ఆతని వెనుక అమెరికా ప్రభుత్వము, సైన్యము, న్యాయస్థానములు నిలిచియున్నవి. ధర వాని కోరలు పెరుకుటకే. ఆ పత్రమును తన స్వాతంత్ర్యమునకు ఆధారముగా గాక, ఆ ప్రభుత్వముయొక్క దోపిడికి సాక్ష్యముగా లోకమునెదుట పట్టి చూపుదునని ఆతడు నిశ్చయించుకొనెను. ఈ విషయమున గారిసన్ సహితము ఆతని పక్షముననే నిలిచెను.

నా యభిప్రాయము నడిగినచో డగ్లస్ వాదమే ధర్మశాస్త్రసమ్మతమని చెప్పుదును. బలాత్కారమునకు లోనై చెల్లించిన ధనము హక్కును పుట్టింపదని సకలదేశముల న్యాయమును ఒప్పుకొనును. అయినను రైట్ భయపడినది నిష్కారణముగా కాదు. అట్టి పత్రములు కొనగలవారు కొందరే. ముప్పదిలక్షలమందిని న్యూకాసిల్ చందాలతో కొనలేరు. ఈ సంగతి డగ్లసునకు అందరికంటె బాగుగా తెలియును.

ఈ సందర్భమున మన దేశపు చట్టమొకటి స్మరింపదగినది. డగ్లస్ విమోచనమునకు మూడేండ్లు ముందుగా, 1843వ సంవత్సరపు 5వ ఆక్టు భారతదేశమున వేరొక మార్గము త్రొక్కెను. దాసులందరు విడుదలైరని అది ప్రకటింపలేదు. మనుష్యునియందు ఆస్తిహక్కు కలదని వచ్చిన వాదమును ఏ న్యాయస్థానమును ఆలకింపరాదనియు, డిక్రీలక్రింద గాని శిస్తుబకాయిలక్రింద గాని ఏ యధికారియు మనుష్యుని అమ్మరాదనియు మాత్రము శాసించెను. కోర్టుతలుపు మూసివేయగా క్రయపత్రము వట్టి కాగితమయ్యెను. దాస్యమునుమాత్రము ఆ ఆక్టు వెంటనే మాన్పలేదు. దాసుని కొనుట అమ్ముటలను నేరములుగా జేసినది 1860వ సంవత్సరపు శిక్షాస్మృతి. మన పల్లెలలో అప్పుపేర తరతరములు కట్టువడిన పాలేళ్ల సంగతి ఈ రెంటికిని అందక పోయెను. వెట్టిని నిర్మూలించు కేంద్రశాసనము 1976 వరకు రాలేదు.

1847లో డగ్లస్ అమెరికాకు మరలివచ్చి, రాచెస్టరు నగరమున ఆ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన స్వంతపత్రికను స్థాపించెను. 1848లో సెనెకాఫాల్స్ స్త్రీల మహాసభలో స్త్రీలకు వోటుహక్కు కావలెనను తీర్మానమును బలపరచిన ప్రముఖుడు ఆతడే. అదే సంవత్సరమున టామస్ ఆల్డునకు బహిరంగలేఖ వ్రాసి, తన తోబుట్టువుల నేమి చేసితివని నిలువదీసెను.

1850లో పలాయితదాసుల చట్టము వచ్చెను. దానిని చదివిన న్యాయవాది ఎవడును తలవంచుకొనక మానడు. పట్టుబడినవాడు దాసుడా కాదా యని నిర్ణయించు కమిషనరునకు, దాసుడని తీర్పు చెప్పినచో 10 డాలర్లు, కాదని చెప్పినచో 5 డాలర్లు రుసుము. పట్టుబడినవాని సాక్ష్యము చెల్లదు, జూరీ లేదు. ఉత్తరరాష్ట్రములలో పదియిరువదేండ్లుగా సంసారములు చేసికొనుచున్నవారు రాత్రికి రాత్రియే కెనడాకు పరుగులెత్తిరి. రైట్ ముట్టవలదన్న పత్రము ఇప్పుడు డగ్లసునకు కవచమయ్యెను. ఆ కవచము చాటున ఆతడు ఊరకుండలేదు. 1851లో పెన్సిల్వేనియాలోని క్రిస్టియానా యను గ్రామమున తమ్ము పట్టవచ్చిన దాసయజమానుని పలాయితులు ఎదిరింపగా అతడు హతుడయ్యెను. వారి నాయకుడు విలియం పార్కర్ ఇద్దరనుచరులతో రాచెస్టరు చేరినపుడు, డగ్లస్ వారిని తన యింట దాచి, స్వయముగా ఓడ యెక్కించి కెనడాకు పంపెను.

ఈ కాలముననే ఆతడు గారిసన్ పక్షమునుండి విడిపోయెను. అమెరికా రాజ్యాంగము దాస్యమునకు కట్టుబడిన పత్రమని గారిసన్ వాదము. డగ్లస్ మొదట దానినే నమ్మి, తరువాత స్వయముగా విచారించి మనస్సు మార్చుకొనెను. రాజ్యాంగమున దాసుడను మాటయే లేదు. వ్యక్తియను మాట కలదు. వ్రాసినవారి మనస్సులో ఏమి యుండినను, వ్రాతలో లేనిదానిని స్వాతంత్ర్యమునకు విరుద్ధముగా ఊహింపరాదని ఆతని వ్యాఖ్యానము. 1857లో డ్రెడ్ స్కాట్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు దీనికి నేరుగా విరుద్ధమైన తీర్పు చెప్పి, నల్లవారు పౌరులే కాజాలరనెను. డగ్లస్ నిరాశపడలేదు, ఈ తీర్పు దాస్యపు చావును త్వరపెట్టునని నమ్మెను.

యుద్ధచరిత్రము పాఠకులెరిగినదే. 1863లో విమోచనప్రకటనము, డగ్లస్ కుమారులిద్దరు సైన్యమున చేరుట, 1864వ సంవత్సరము నవంబరు 1న మేరీలాండు రాష్ట్రము తన నూతనరాజ్యాంగముచే దాస్యమును రద్దు చేయుట, 1865లో పదుమూడవ సవరణ. ఆ సవరణతో దేశములోని దాసక్రయపత్రములన్నియు ఒక్కసారిగా విలువ పోగొట్టుకొనెను.

1877లో డగ్లస్ సెయింట్ మైకేల్సునకు పోయి, మరణశయ్యపై నున్న టామస్ ఆల్డును చూచెను. వృద్ధుడు పక్షవాతముచే వణకుచుండెను. ఇరువురును కొంతసేపు మాటలాడలేకపోయిరి. తన అమ్మమ్మను ముసలితనమున ఆల్డు దిక్కులేనిదానిగా వదలెనని డగ్లస్ వ్రాసిన యారోపణ సరికాదని ఆల్డు చెప్పగా, డగ్లస్ తన పొరపాటు నంగీకరించెను. పిమ్మట తాను పుట్టినది ఎప్పుడని అడిగెను. జీవితమంతయు ఆతనిని బాధించిన ప్రశ్న యది. తాను 1817లో జన్మించెనని ఆతడు లెక్కవేసికొనుచుండెను. ఆల్డు తేదీ చెప్పలేక, 1818 ఫిబ్రవరియని తనకు తోచుచున్నదనెను. ముసలివాని జ్ఞాపకము సరియైనదే. 1846 నాటి పత్రములలోని ఇరువదియెనిమిదేండ్ల వయస్సును దానికి సరిపోవును. ఆంథొనీ పుస్తకములోని పంక్తి 1980లో డిక్సన్ ప్రెస్టన్ ప్రకటించిన గ్రంథమువలన లోకమునకు విశదమయ్యెను. డగ్లస్ దానిని చూడలేదు.

1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డు ఆతనిని వాషింగ్టన్ నగరమున దస్తావేజుల రిజిస్ట్రారుగా నియమించెను. రాజధానిలో జరుగు భూవిక్రయములు, తనఖాలు, బదిలీలు ఆతని కచ్చేరిలో దాఖలు కావలెను. జీతము లేదు, దాఖలు రుసుములే ఆదాయము. ఆ నగరమున 1862 ఏప్రిల్ 16 వరకు మనుష్యులను అమ్ముట చట్టసమ్మతమే. ఆ దినమున ప్రభుత్వము యజమానులకు నష్టపరిహార మిచ్చి మూడువేలకు పైబడిన దాసులను విడిపించెను. అంతకు పూర్వపు దస్తావేజుల గ్రంథములలో ఇళ్ల క్రయములప్రక్కనే మనుష్యుల క్రయపత్రములును, విమోచనపత్రములును నకలు వ్రాయబడియున్నవి. డగ్లస్ ఆ పదవిలో 1886 వరకు ఉండెను. మొదటిభార్య అన్నా 1882లో మరణింపగా, 1884లో ఆ కచ్చేరిలోనే గుమాస్తాగా పనిచేసిన హెలెన్ పిట్స్ అను తెల్లజాతి విదుషిని వివాహమాడెను. రెండుకుటుంబములవారును ఆక్షేపించిరి. ఆతని తరువాత కొంతకాలమునకు ఆ పదవికి వచ్చిన జేమ్స్ ట్రాటరును దాసిగర్భమున జన్మించినవాడే.

1889 మొదలు రెండేండ్లు హైతీదేశమున రాయబారిగా నుండెను. 1895వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన వాషింగ్టనులో స్త్రీల మహాసభకు పోయి వచ్చి, ఆ విశేషములను భార్యకు చెప్పుచుండగా కూలి ప్రాణములు విడిచెను. దేహమును రాచెస్టరునకు కొనిపోయి మౌంట్ హోప్ శ్మశానవాటికలో సమాధి చేసిరి.